తువాలు ఆరే ఊరు: మూడు ఉక్కపోత వేసవుల తరువాత నేర్చుకున్న లెక్క

2019 మార్చి నెలాఖరున హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం సంతోషించాం. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేస్తాను. మా అమ్మకు అప్పటికి డెబ్బై ఒక్క ఏళ్ళు. రక్తపోటుకు మాత్రలు వాడుతుంది, మోకాళ్ళ నొప్పుల వల్ల ఎక్కువ సేపు ఇంట్లోనే గడుపుతుంది. వెళ్ళేముందు రెండు ఊళ్ళ వాతావరణం పోల్చి చూడాలన్న ఆలోచన నాకు రాకపోలేదు. వాతావరణ శాఖ ఇచ్చే నెలవారీ సగటులు తీసి చూస్తే, మే నెలలో హైదరాబాదు గరిష్ఠ ఉష్ణోగ్రత 39 డిగ్రీల దగ్గర, విశాఖపట్నానిది 34, 35 డిగ్రీల దగ్గర కనిపించింది. నాలుగైదు డిగ్రీలు తక్కువ, పైగా సముద్రపు గాలి, ఇంకేం కావాలి అనుకుని ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. అదే కాగితంలో ఉన్న కనిష్ఠ ఉష్ణోగ్రతను గానీ, ఉదయం ఎనిమిదిన్నరకు, సాయంత్రం అయిదున్నరకు కొలిచిన తేమ శాతాన్ని గానీ నేను చూడలేదు. నా తప్పంతా అక్కడే ఉంది.

సామానుతో పాటు హైదరాబాదులో ఆరేళ్ళు మమ్మల్ని కాపాడిన కూలర్‌ను కూడా తెచ్చుకున్నాం. ఏప్రిల్ రెండో వారంలో కొత్త గడ్డి వేయించి, నీళ్ళు పోసి, రాత్రి పడుకునే ముందు దాన్ని నడిపాం. గంటన్నర తిరిగేసరికి గది చల్లబడకపోగా దుప్పటి, దిండు గలీబు, మంచం పక్కన ఉన్న వార్తాపత్రిక అన్నీ చెమ్మగిల్లిపోయాయి. నా మెడ మీద చెమట అలాగే నిలిచి ఉంది. కూలర్ పాడైందనుకుని మరునాడు మెకానిక్‌ను పిలిపించాను. ఆయన మోటారు చూసి, పంపు చూసి, దీనికేమీ లోపం లేదని, ఈ ఊళ్ళో ఈ సరుకు పనిచేయదని చెప్పి, డబ్బు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు.

ఎందుకు పనిచేయదో అర్థం చేసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ప్రయోగశాల సామగ్రి అమ్మే దుకాణంలో రెండు మామూలు థర్మామీటర్లు కొని వరండాలో పక్కపక్కనే వేలాడదీశాను. ఒకదాని అడుగున ఉన్న గుండుకు పాత పంచె గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను చిన్న గిన్నెలోని నీళ్ళలో ముంచి ఉంచాను. జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం పొడి థర్మామీటర్ 34 చూపిస్తుంటే తడిది 29 దగ్గర ఆగిపోయింది. తడి గుడ్డ నుంచి నీరు ఆవిరయ్యే కొద్దీ అది చల్లబడుతుంది. గాలిలో ఇప్పటికే ఆవిరి నిండి ఉంటే ఆ ఆరడం ఆగిపోతుంది. తడి థర్మామీటర్ ఎక్కడ ఆగిందో అంతకంటే చల్లటి గాలిని ఏ కూలరూ ఇవ్వలేదు. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం 41 డిగ్రీల ఎండలో తేమ 25 శాతం ఉందనుకుంటే తడి థర్మామీటర్ 25 దగ్గర నిలుస్తుంది. అందుకే అక్కడ కూలర్ ముందు కూర్చుంటే ప్రాణం లేచి వచ్చేది. మనిషి ఒళ్ళు కూడా ఆ తడి గుడ్డ లాంటిదే. చెమట పట్టడం వల్ల మనకు చల్లదనం రాదు, ఆ చెమట ఆరడం వల్ల వస్తుంది. ఈ లెక్కన 41 డిగ్రీల హైదరాబాదు కంటే 34 డిగ్రీల విశాఖే ఒంటికి బరువు.

వాతావరణ శాఖ కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరితే గానీ వడగాడ్పుల మాట ఎత్తని ఆ శాఖ, తీరప్రాంతానికి వచ్చేసరికి ఆ గీతను 37 దగ్గరే గీసింది. ఈ విషయం ముందే తెలిసి ఉంటే ఆ రెండు అంకెలను నేను పక్కపక్కన పెట్టి పోల్చేదాన్నే కాదు.

రెండో పొరపాటు ఇల్లు వెతకడంలో జరిగింది. విశాఖపట్నంలో వాతావరణ శాఖకు రెండు కేంద్రాలు ఉన్నాయి: ఒకటి సముద్రానికి దగ్గరగా వాల్తేరులో, మరొకటి ఊరికి పడమరగా విమానాశ్రయంలో. నేను హైదరాబాదులో కూర్చుని చూసిన అంకెలు వాల్తేరువి. అద్దె తక్కువని మేము దిగిన ఇల్లు ఎన్‌ఏడీ కొత్తరోడ్డు వైపు, విమానాశ్రయానికి దగ్గరలో ఉంది. వేసవిలో ఆ వైపు పగటి ఎండ వాల్తేరు కంటే ఎక్కువగానే ఉంటుంది. కొండలు అడ్డం రావడం వల్ల సముద్రపు గాలి ఆలస్యంగా, నీరసంగా వస్తుంది, తేమకు మాత్రం లోటు ఉండదు. పైగా మాది మూడో అంతస్తు, పై కప్పు మీద ఇంకేమీ లేదు, పడకగది కిటికీ పడమరకు ఉంది. రాత్రి పదకొండు గంటలకు గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా తగిలేది. పక్కింటి పెద్దావిడ మా అవస్థ చూసి, "డిగ్రీలు చూసి ఏం లాభం అమ్మా, గాలి తిరిగిందా ఆగిపోయిందా అని చూసుకోవాలి గానీ" అన్నారు. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్న మనిషి ఒక్క వాక్యంలో చెప్పినదాన్ని నేను రెండు థర్మామీటర్లతో రెండు నెలలు తంటాలు పడి తెలుసుకున్నాను.

ఆ ఏడాది నైరుతి ఋతుపవనాలు కేరళకే జూన్ 8న చేరాయి, మా వైపు రావడానికి ఇంకా ఆలస్యమైంది. జూన్ మధ్యలో ఒక రోజు పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని లోపలికి రానివ్వలేదు. ఎండ, ఉక్క రెండూ కలిసిన ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి ఉన్న మా అమ్మ తల తిరుగుతోందని చెప్పి గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఒళ్ళు వేడిగా లేదు, స్పృహ తప్పలేదు, కానీ నాలుక పిడచకట్టుకుపోయి మాట తడబడింది. డాక్టరు దగ్గరికి తీసుకువెళితే, ఆమె వాడే రక్తపోటు మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసేదని, ఇంత చెమట పట్టే కాలంలో ఒంట్లోని నీరు, ఉప్పు రెండు వైపుల నుంచీ పోతున్నాయని చెప్పి మోతాదు మార్చారు. ఊరు మారే ముందు ఆ మాత్రల సంగతి హైదరాబాదులోని డాక్టరును అడిగి ఉండవలసింది. ఇంట్లో పెద్దవాళ్ళతో తీరప్రాంతానికి వెళ్ళేవారు ఈ ఒక్క పని తప్పకుండా చేయాలని నా మనవి. మాత్రలు మాత్రం సొంతంగా మానకూడదు, మార్చకూడదు.

ఆ తరువాత మేము ఉక్కతో ఎలా బతకాలో ఒక్కొక్కటిగా నేర్చుకున్నాం. అన్నిటికంటే ముందు ఇల్లు మార్చాం. సెప్టెంబరులో పెదవాల్తేరులో రెండో అంతస్తు ఇల్లు దొరికింది. పైన మరో అంతస్తు ఉంది, దక్షిణానికి పెద్ద కిటికీ, ఉత్తరానికి వంటింటి తలుపు ఉన్నాయి. అద్దె నెలకు మూడు వేలు ఎక్కువ. అయినా గాలి ఒక వైపు వచ్చి మరో వైపు పోయే దారి ఉన్న ఇంట్లో, అంతే తేమ ఉన్నా, నిద్ర పట్టింది. గాలి మన చర్మం కంటే, అంటే దాదాపు 35 డిగ్రీల కంటే, తక్కువ వేడిగా ఉన్నంత కాలం ఫ్యాను ఎంత వేగంగా తిరిగితే అంత మేలు. అందుకే తీరప్రాంతంలో కూలర్ దండగ, మంచి ఫ్యాను పెట్టుబడి. ప్రతి గదిలో పాత ఫ్యానులు తీయించి వెడల్పు రెక్కలవి పెట్టించాం. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి, అన్నం గంజి వార్చేటప్పుడు, కుక్కరు కూతలు వేసేటప్పుడు అది ఆడుతూ ఉండేలా చూసుకున్నాం, ఎందుకంటే ఇంట్లో పుట్టే ఆవిరి కూడా బయటి ఉక్కకు తోడవుతుంది.

చివరికి ఏసీ కూడా కొన్నాం, ఒక్క గదికే. దుకాణంలో రెండు టన్నులది తీసుకోమన్నారు గానీ, మా చిన్న గదికి ఒక టన్నుదే సరిపోతుందని బ్యాంకులో మా సహోద్యోగి పట్టుబట్టి చెప్పారు. ఆయన మాట నిజమే. గదికి మించిన ఏసీ నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, తేమను లాగేటంత సేపు నడవదు. గది చల్లగానే ఉంటుంది, ఒళ్ళు మాత్రం జిగురుగా ఉంటుంది. మేము 26 డిగ్రీల దగ్గర పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకునేవాళ్ళం. వానాకాలంలో వేడి తక్కువగా ఉండి ఉక్క ఎక్కువగా ఉన్న రాత్రుల్లో డ్రై మోడ్ చాలేది. ఒక రాత్రి ఏసీ గొట్టం కింద బక్కెట్టు పెట్టాను. తెల్లవారేసరికి అది సగానికి పైగా నిండి ఉంది. ఆ పన్నెండడుగుల గదిలోని గాలి నుంచే అన్ని నీళ్ళు వచ్చాయని చూపించినప్పుడు, ఏసీ వద్దని అప్పటిదాకా మొరాయించిన మా అమ్మ ఇంకేమీ మాట్లాడలేదు.

మిగిలినవి చిన్న విషయాలే గానీ రోజు గడిచేది వాటితోనే. హైదరాబాదులో కట్టిన సింథటిక్ చీరలన్నీ పెట్టెలో పెట్టేసి పలుచటి నేత చీరలకు మారాను. శ్రీకాకుళం వైపు వెళ్ళినప్పుడు కొన్న పొందూరు ఖద్దరు చీర ఒకటి ఆ వేసవులన్నిటినీ దాటించింది. ఉదయం టిఫినుకు బదులు మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి అలవాటు చేసుకున్నాం. నడకకు వెళ్ళే వేళ సాయంత్రం నుంచి తెల్లవారుజామున అయిదుకు మారింది. ఉప్పు జాడీలో గుప్పెడు బియ్యం వేస్తే గానీ ఉప్పు పొడిగా ఉండేది కాదు. తోలు చెప్పులకు, బీరువాలోని పట్టుచీరల పెట్టెకు బూజు పట్టింది. ఆవకాయ జాడీలో తడి చెంచా ఒక్కసారి పడితే వారంలో పైన తెల్లటి పొర కట్టేది. శరీరం కొత్త వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుందని తెలిసిన తరువాత, ప్రతి ఏడాదీ మార్చి చివర రెండు వారాల పాటు ఏసీ వేయకుండా ఓర్చుకునేవాళ్ళం. మెడ మీద, నడుం దగ్గర వచ్చే చెమటకాయలకు మాత్రం రోజుకు రెండుసార్లు చన్నీళ్ళ స్నానం, వదులు బట్టలు తప్ప నాకు వేరే మందు పనిచేయలేదు.

2022లో మళ్ళీ బదిలీ వేళ వచ్చింది. ఈసారి రాజమహేంద్రవరం, అనంతపురం, మదనపల్లె అనే మూడు ఊళ్ళలో ఒకటి కోరుకునే అవకాశం ఇచ్చారు. ఉత్తర్వులకు ముందు నాకు దాదాపు రెండు నెలల సమయం ఉంది. ఒక నోటుపుస్తకం తీసుకుని ఒక్కో ఊరికి ఒక్కో పేజీ కేటాయించాను. గరిష్ఠ ఉష్ణోగ్రతను చివరి గడిలోకి నెట్టి, మొదటి గడిలో తుషార స్థానం రాసుకున్నాను. గాలిని చల్లబరుస్తూ పోతే ఏ డిగ్రీ దగ్గర అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలవుతుందో దాన్ని తుషార స్థానం అంటారు. వాతావరణ యాప్‌లలో డ్యూ పాయింట్ అని కనిపించేది ఇదే. అది 20 లోపు ఉంటే ఒంటికి హాయి, 24 దాటితే ఉక్క, 26 దాటితే కూర్చున్న చోటే చెమట కారుతుంది. ఇది నా ఒళ్ళు మూడేళ్ళలో ఒప్పుకున్న లెక్క.

తేమ శాతాన్ని ఎందుకు నమ్మలేదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళను పోల్చేవారు ఎక్కువగా పొరబడేది అక్కడే. ఆ శాతం గాలి ఎంత వేడిగా ఉందో దాన్ని బట్టి మారిపోతుంది. 24 డిగ్రీల ఉదయం 75 శాతం తేమ ఉంటే తుషార స్థానం 19 మాత్రమే. అదే 34 డిగ్రీల మధ్యాహ్నం 60 శాతం ఉంటే తుషార స్థానం 25. అంకె చూస్తే మొదటిదే ఎక్కువ తేమ, ఒంటికి తెలిసేది మాత్రం రెండోదే. ఉదయం ఎనిమిదిన్నర శాతాలు మాత్రమే చూస్తే కొండ మీది ఊరు కూడా ఉక్కపోత ఊరిలా కనిపిస్తుంది. విమానాశ్రయం ఉన్న ఊళ్ళకు అక్కడి నుంచి తరచుగా వెలువడే వాతావరణ నివేదికలో ఉష్ణోగ్రత, తుషార స్థానం పక్కపక్కనే ఉంటాయి. రాజమహేంద్రవరానికి అది చూసుకునేదాన్ని. మిగిలిన రెండు ఊళ్ళకు వాతావరణ శాఖ అంకెల నుంచి లెక్క కట్టుకున్నాను.

రాజమహేంద్రవరం పేజీ నిండటానికి వారం చాలింది. సముద్రానికి దూరం కాబట్టి పగటి ఎండ విశాఖ కంటే ఎక్కువ. గోదావరి, కాలువలు, వరిచేల నడుమ ఉంది కాబట్టి తేమ కూడా తక్కువేమీ కాదు. మధ్యాహ్నం 39 డిగ్రీలు, తుషార స్థానం 25 అని రాసుకున్న రోజులు వరుసగా వచ్చాయి. నాకు ఆ ఊరంటే ఎంతో ఇష్టం, మా మేనత్త వాళ్ళు అక్కడే ఉన్నారు, కానీ అమ్మను ఆ ఎండలోకి, ఆ ఉక్కలోకి ఒకేసారి తీసుకువెళ్ళే ధైర్యం చేయలేకపోయాను. అనంతపురం పూర్తిగా వేరు. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకోవడం వల్ల, ఈశాన్య ఋతుపవనాలు అక్కడికి చేరేసరికి బలహీనపడటం వల్ల ఏడాది పొడవునా పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. వేసవి సాయంత్రాల్లో గాలి పొడిగా ఉండి కూలర్‌కు తగినట్లు ఉంటుంది, పగలు మాత్రం 40 డిగ్రీల ఎండ తప్పదు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. సాధారణంగా వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆరు డిగ్రీలకు పైగా చల్లదనం పెరుగుతుంది కాబట్టి ఆ ఎత్తు వల్లే నాలుగు డిగ్రీలకు పైగా కలిసి వస్తుంది. ఆ ఊరి పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల కోసం శానటోరియం తెరవడానికి ఆ పొడి, చల్లని గాలే కారణం. ఇప్పటికీ వాతావరణ శాఖ జాబితాలో ఆ ప్రాంతపు కేంద్రం పేరు ఆరోగ్యవరమే.

అంకెలు ఎంత చక్కగా కనిపించినా, 2019లో వాటిని నమ్మి దెబ్బతిన్నాను కాబట్టి ఈసారి స్వయంగా చూసి రావాలనుకున్నాను. మే నెలలో మూడు రోజులు సెలవు పెట్టి మదనపల్లె వెళ్ళాను. సంచిలో రెండు థర్మామీటర్లతో పాటు ఇంట్లో వాడే నూలు తువాలు ఒకటి పెట్టుకున్నాను. బయలుదేరే ముందు అదే తువాలును పెదవాల్తేరు ఇంటి వరండాలో నీడన తడిపి, గట్టిగా పిండి, తీగ మీద వేసి గడియారం చూశాను. నాలుగు గంటల తరువాత కూడా అంచులు తడిగానే ఉన్నాయి, మడిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన వేసింది. మదనపల్లెలో నేను దిగిన లాడ్జి వెనక వరండాలో, ఎండ తగలని చోట, పదకొండు గంటలకు అలాగే తడిపి వేశాను. యాభై నిమిషాలకు వెళ్ళి చూస్తే అది ఎండిపోయి, అంచులు అప్పడంలా బిరుసెక్కి ఉంది. పొడి థర్మామీటర్ అప్పుడు 35 చూపిస్తోంది, తడిది 22. ఎండ విశాఖ కంటే ఏమీ తక్కువ లేదు, కళ్ళు చిట్లించుకోవలసి వచ్చింది, కానీ చెట్టు కింద నిలబడగానే రెండు నిమిషాల్లో మెడ ఆరిపోయింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూసుకుంటే నేను దుప్పటి కప్పుకుని ఉన్నాను.

అదే ప్రయాణంలో ఇల్లు కూడా చూసుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటలకే వెళ్ళి, ప్రతి గదిలో గోడను, పై కప్పును చేత్తో తాకి చూశాను. ఇంటి యజమానురాలు ఎందుకని అడిగితే కారణం చెప్పాను. ఆమె నవ్వి, డాబా మీద ఏటా సున్నం వేయిస్తామని చెప్పి మేడ మీదికి తీసుకువెళ్ళి చూపించారు. ఆ ఇల్లే తీసుకున్నాం.

అన్నీ కలిసి వచ్చాయని చెప్పలేను. నీళ్ళకు బోరే ఆధారం, వేసవిలో ట్యాంకరు తెప్పించుకోవలసి వస్తుంది. ఆ ఖర్చు నా నోటుపుస్తకంలో ఏ గడిలోనూ లేదు. చలికాలంలో పెదవులు, మడమలు పగులుతాయి, ఉదయాలు చలికి అమ్మ మోకాళ్ళు పట్టేస్తాయి. పొడి గాలిలో చెమట కనిపించకుండానే ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో తెలియదు, దాహం వేయకపోయినా గంట గంటకూ తాగమని అమ్మకు గుర్తు చేయవలసి వస్తోంది. సాయంత్రం నాలుగింటికి ఒక్కసారిగా కర్టెన్లు లేచి సముద్రపు గాలి ఇల్లంతా తిరిగే ఆ పెదవాల్తేరు క్షణం ఇక్కడ లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. అయితే మొదటి వేసవిలోనే ఆమె డాబా మీద పిండి వడియాలు పెట్టింది. విశాఖలో అయిదు రోజులకూ లోపల మెత్తగా ఉండిపోయి మూడేళ్ళుగా మానేసిన పని అది. ఇక్కడ రెండో రోజు సాయంత్రానికే గలగలమంటూ డబ్బాలోకి ఎక్కాయి. ఓ మూలన పడి ఉన్న కూలర్‌కు మళ్ళీ కొత్త గడ్డి వేయించాం.

ఇటీవల మా తమ్ముడు ఫోన్ చేసి, తనను చెన్నై పంపుతున్నారని, మే నెలలో అక్కడ హైదరాబాదు కంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువే కదా అక్కా అని అడిగాడు. నోటుపుస్తకంలో అతనికి ఒక కొత్త పేజీ తెరిచి, ముందుగా తుషార స్థానాలు చూసి చెబుతానన్నాను. ఈలోగా ఇల్లు ఫోటోలు చూసి ఖాయం చేయవద్దని, ఒక తువాలు పట్టుకుని మధ్యాహ్నం పూట స్వయంగా వెళ్ళి రమ్మని చెప్పాను.